పేరు వచ్చిన పిమ్మటి చదువు : రష్ మేళము

వయస్సు మీఱిన సంగీత మేళములను గూర్చి లోకములో రెండు నిందలు వినవచ్చుచుండును. తొలినాటి పాటలనే యేటేట వాయించుచుండినచో వీరికి క్రొత్తది చేతగాదందురు. క్రొత్త త్రోవ త్రొక్కినచో తమ్ము నమ్మిన శ్రోతలకు ద్రోహము చేసిరందురు. ఈ రెండు మాటల నడుమ చిక్కి నలిగిన మేళములు పెక్కులు గలవు. కెనడా దేశమందలి టొరంటో నగరమున 1968వ సంవత్సరములో పుట్టిన రష్ అను హార్డ్ రాక్ మేళము రెండు నిందలను పడినదే. అయినను దాని చరిత్రను మన పత్రిక చదువరుల యెదుట నుంచుటకు నాకొక కారణము గలదు. ఆ మేళమువారు మాఱిన ప్రతి పర్యాయమును బజారులోని గాలి యెటు వీచుచున్నదో చూచి మాఱలేదనియు, తమకు రానిదానిని నేర్చుకొనవలెనను తపనతో మాఱిరనియు నా యభిప్రాయము. మాఱినప్పుడెల్ల గెలిచిరని మాత్రము చెప్పను.

హార్డ్ రాక్ అనగానే మన తల్లిదండ్రులలో కొందఱు చెవులు మూసికొందురు. విద్యుచ్ఛక్తితో బిగ్గఱగ మ్రోయు గిటార్లు, ఉరుములవంటి డ్రమ్ములు, కీచుగొంతు పాట, వీనిలో పిల్లలకు చెప్పదగిన దేమున్నదని వారి ప్రశ్న. ధ్వని పెద్దదనుట నిజమే. కాని డప్పును, డోలును, నాదస్వరమును పుట్టినది మొదలు వినుచున్న మనము ధ్వని పెద్దదైన చోట బుద్ధి చిన్నదని తీర్మానించుట తగదు. కొంచెము ఓపికతో వినుడు.

గిటారు వాయించు అలెక్స్ లైఫ్సన్, పాడుచు బేస్ గిటారు వాయించు గెడ్డీ లీ, ఇరువురును 1953లో పుట్టినవారు. టొరంటో శివారగు విల్లోడేలులో బడి స్నేహితులు. ఇరువురును వలసవచ్చిన కుటుంబముల బిడ్డలు. లైఫ్సన్ తల్లిదండ్రులు సెర్బియనులు. వారి యింటిపేరునకు "జీవపుత్రుడు" అనుటకు దగ్గఱగు నర్థము వచ్చును. దానినే యతడు ఆంగ్లములోనికి మార్చి పెట్టుకొనెను. లీ తల్లిదండ్రులు పోలండు దేశపు యూదులు. హిట్లరు కాలమున ఆష్విట్జ్ మున్నగు నిర్బంధ శిబిరములలో చావు తప్పి బయటపడినవారు. అతనికి పెట్టిన పేరు గ్యారీ. తల్లి తన దేశపు యాసతో పిలుచునప్పుడు అది తోడి బాలుర చెవులకు గెడ్డీ యని వినబడెను. ఆ పేరే స్థిరపడెను. అతనికి పండ్రెండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి దుకాణము నడిపి పిల్లలను పెంచెను. అట్టి తల్లి కొడుకు బడి మాని గిటారు పట్టెనన్నచో ఆమె యెంత కుమిలెనో మన పాఠకులలోని తల్లులకు నేను చెప్పనక్కఱలేదు. అయినను తొలి రికార్డు వెలువడిన నాడు ఆమెయే దాని ప్రకటన చిత్రములను తన దుకాణములో నంటించెను.

ఆ తొలి రికార్డు 1974లో వచ్చెను. ఏ కంపెనీయు ముందునకు రాకపోగా వారే సొంతముగ ముద్ర వేయించుకొనిరి. అమెరికాలో క్లీవ్‌లాండు కార్ఖానాల పట్టణము. అచ్చటి రేడియోలో ఆ రికార్డులోని కూలివాని పాట యొకటి వినిపింపగా శ్రామికులు దానిని తమ పాటగ చేసికొనిరి. పిమ్మట పెద్ద కంపెనీ తలుపు తెఱచెను. అంతలో డ్రమ్ములు వాయించు జాన్ రట్సీ అనారోగ్యము వలనను, అభిరుచి భేదము వలనను విడిపోయెను. అమెరికా పర్యటనకు రెండు వారములు మాత్రమే గడువున్నది. ఆ జులై మాసమున వచ్చి చేరినవాడు నీల్ పీర్ట్. తండ్రి నడుపు వ్యవసాయ యంత్రముల దుకాణములో పని చేయుచుండిన యువకుడు. ఆగష్టు 14వ తేది పిట్స్‌బర్గులో పదునొకండు వేలమంది యెదుట ఈ మువ్వురును మొదటిసారి కలిసి వాయించిరి.

పీర్ట్ పుస్తకముల పురుగు. పాటలకు మాటలు కట్టుట తక్కిన యిరువురకును ఇష్టము లేని పని. చదువుకొనువాడు దొరకినాడు గదా యని ఆ పని యతనిపై మోపిరి. ఈ విధముగ డ్రమ్ములు వాయించువాడే కవియయ్యెను. హార్డ్ రాక్ మేళములలో ఇట్టి ఏర్పాటు అరుదు.

1975లో వెలువడిన రెండు రికార్డులలో రెండవదానిని కొన్నవారు లేరు. ఆ పర్యటనకు మునిగిపోవువారి పర్యటన యని వారే నవ్వుచు పేరు పెట్టుకొనిరి. కంపెనీవారు పొట్టి పాటలు చేయుడు, రేడియోకు తగినవి చేయుడు, లేనిచో మీ దారి మీదే యనిరి. పీర్ట్ మరల ట్రాక్టరుల దుకాణమునకు పోవుటకు మనస్సు సిద్ధపఱచుకొనెను. అప్పుడు వారు చేసినదేమి? 1976లో 2112 అను రికార్డు చేసిరి. దాని మొదటి ప్రక్క యంతయు ఇరువది నిమిషముల ఒకే కథ. రాబోవు కాలములో పూజారుల ప్రభుత్వము సంగీతమును నిషేధించును. ఒక యువకునకు గుహలో పాత గిటారు దొరకును. ఎవరును నేర్పకయే దానిని పలికించుట నేర్చుకొని సంతోషముతో పూజారులకు చూపును. వారు దానిని నలగగొట్టుదురు. ఆ పూజారులలో రికార్డు కంపెనీవారి పోలికలు కనబడుట వింత గాదు. పోవునప్పుడు తమకు నచ్చినదే వాయించి పోవుదమనుకొని చేసిన ఆ రికార్డే మేళమును నిలబెట్టెను.

ఈ రికార్డులోని సంగీతమును నేను మెచ్చుకొందును. దాని వెనుకనున్న వేదాంతమును అంతగా మెచ్చుకొనను. ఆ దినములలో పీర్ట్ అయన్ రాండ్ అను రచయిత్రి గ్రంథములకు లోబడి యుండెను. రికార్డు అట్టపై ఆమెకు కృతజ్ఞతయు తెలిపెను. వ్యక్తియే సర్వమనియు, సంఘమునకు అతడు ఋణపడి లేడనియు ఆమె మతము. 1978లో ఒక ఆంగ్ల సంగీత పత్రిక దీనిని పట్టుకొని ఈ మేళము నియంతల పక్షమని వ్రాసెను. నిర్బంధ శిబిరముల నుండి బయటపడినవారి కుమారుడు ఆ వ్రాత చదువునప్పుడు ఎట్లుండును? నింద యన్యాయమే. ఐనను ఇరువదియైదేండ్ల వయస్సులో ఒక పుస్తకము చేతబట్టుకొని లోకమంతయు తెలిసినదని తలచుట యౌవనమునకు సహజమైన జబ్బు. మన పై తరగతులలోను దానిని చూచుచున్నాము. పీర్ట్ చదువు అక్కడ నాగలేదు. తాను ఆ రచయిత్రికి శిష్యుడను గానని తరువాత స్పష్టముగ చెప్పెను. స్వేచ్ఛను కోరుచునే దిక్కులేనివారికి సాయపడవలెనను పక్షము నవలంబించెను. దైవమును గూర్చి యాతడు వ్రాసిన కొన్ని పాటలు ఈ పత్రిక చదువరులలో పలువురకు సమ్మతములు గావు, నాకును గావు. దానిని దాచుట యెందుకు?

1977, 1978 సంవత్సరములలో వేల్స్ దేశమున చేసిన రికార్డులలో దీర్ఘ కథాగీతములను కొనసాగించిరి. రెండవది వారి శక్తికి మించిన పని యైనది. అచ్చటితో ఆ త్రోవ చాలించిరి. ఇరువది నిమిషములలో చెప్పుదానిని అయిదు నిమిషములలో చెప్పగలమా యని ప్రశ్న వేసికొనిరి. మునుపు కంపెనీవారు పొట్టి పాటలు చేయుమన్నప్పుడు కాదన్నవారే యిప్పుడు ఎవరును అడుగకయే అవి చేసిరి. 1980లో వచ్చిన పర్మనెంట్ వేవ్స్, 1981లో వచ్చిన మూవింగ్ పిక్చర్స్ ఆ ప్రశ్నకు జవాబులు. రెండవది అమెరికాలోనే నలువది లక్షలకు మించి అమ్ముడుపోయెను.

అందు మాటలు లేని వాద్యగీత మొకటి గలదు. దాని పేరు వై-వై-జెడ్. అది టొరంటో విమానాశ్రయపు సంకేతము. విమానము నడుపువారికి దిక్కు తెలియుటకై ఆ మూడక్షరములు తంతి భాషలో, అనగా మోర్సు సంకేతములలో, రేడియోపై నిరంతరము మ్రోగుచుండును. విమానములో ఇంటికి మరలుచుండగా ఆ ధ్వని వీరి చెవిని బడి అందొక తాళము గోచరించెను. ఛందస్సు చదువుకొన్న మన విద్యార్థులు దీనిని సులభముగ పట్టుకొనగలరు. దీర్ఘ ధ్వనిని గురువనియు, హ్రస్వ ధ్వనిని లఘువనియు అనుకొనుడు. వై యను అక్షరమునకు గురువు, లఘువు, గురువు, గురువు. అనగా రగణముపై ఒక గురువు. మాత్రలు ఏడు. అది రెండు సారులు. జెడ్ అను అక్షరమునకు రెండు గురువులు, రెండు లఘువులు, మాత్రలు ఆఱు. మొత్తము ఇరువది మాత్రలు. పాట ఆరంభమున మువ్వురును ఈ యిరువది మాత్రలను ఒక్క వాద్యమువలె మరల మరల మ్రోయింతురు. బల్లపై వ్రేళ్లతో కొట్టి చూడుడు. రెండు మాఱులు తప్పక తప్పును, మూడవ మాఱు వచ్చును. మన మిశ్రచాపులోను ఏడే గదా. అలవాటైన నాలుగు దెబ్బల నడక నుండి ఏడునకు పోయి, అది వినువానికి లెక్కవలె గాక ఆటవలె తోచునట్లు చేయుటలో ఈ మేళపు నేర్పు కనబడుచున్నది.

ఇంత పేరు వచ్చిన పిమ్మట ఇంకొక పదేండ్లు అదే వాయించుచు కూర్చున్నను అడుగువారు లేరు. కాని 1982లో సిగ్నల్స్ అను రికార్డులో సింథసైజరు ముందునకు వచ్చెను. గిటారు వెనుకకు జరిగెను. అందులోని సబ్‌డివిజన్స్ అను పాట నగర శివారులలోని బాలుర గూర్చినది. బడిలో తోటివారి గుంపులో కలియని బాలుని ఎట్లు వెలివేయుదురో ఆ పాట చెప్పును. ఒకే మోస్తరు ఇండ్ల వరుసలవలె చల్లగ సాగు ఆ యంత్రధ్వని ఆ మాటలకు అతికినట్లున్నది. ఆ సింథసైజరును తప్పుపట్టువారితో నేను వాదమునకు సిద్ధము. ఆ రికార్డుతో, తొలినాటి నుండి తమతోనుండి రికార్డులను తీర్చిదిద్దిన టెర్రీ బ్రౌన్‌ను కూడ సెలవు తీసికొనుమనిరి. స్నేహము చెడలేదు, ఇంకొకరి వద్ద క్రొత్త సంగతులు నేర్వవలెనని వీరి కోరిక. దానికి వెల చెల్లించిరి. రావలసిన క్రొత్త నిర్మాత మాట తప్పగా 1984 నాటి రికార్డును మిక్కిలి పాట్లు పడి ముగించిరి. ఆ రికార్డులోనే నిర్బంధ శిబిరపు పాట యొకటి గలదు. 1945లో శిబిరము విడుదలయైన నాడు, ఇట్టి ఘోరము జరుగుటకు బయట లోకమే మిగిలి యుండదని లోపలివారు తలచిరని లీ తల్లి కొడుకునకు చెప్పెనట. ఆ మాట నుండి పీర్ట్ ఆ పాట కట్టెను.

1985, 1987 నాటి రికార్డులలో మాత్రము యంత్రవాద్యముల పొరలు మితిమీఱినవి. గిటారు వాయించు లైఫ్సన్ తన వాద్యమునకు చోటు వెదకికొనవలసి వచ్చెను. తన యసంతృప్తిని దాచుకొనలేదు. ఇందు నేను లైఫ్సన్ పక్షము. నేర్చుకొనువాడు క్రొత్త పరికరము దొరకిన సంబరములో ఇంటిలోనివానిని మఱచుట కలదు. మెల్లమెల్లగ గిటారు మరల ముందునకు వచ్చి, 1993 నాటికి తన చోటు తాను పుచ్చుకొనెను. మువ్వురే యున్న మేళములో ఇరువురు ఒకనిని ఓట్లతో ఓడింపక, అతని గోడు విని త్రోవ మార్చుకొనుట గమనింపదగినది.

నేనీ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణమైన సంగతి ఇప్పుడు వచ్చుచున్నది. 1994 నాటికి పీర్ట్ వయస్సు నలువది దాటెను. రాక్ సంగీతమున డ్రమ్ములు నేర్చుకొను బాలురు అతనిని దేవునివలె చూచుచుండిరి. ఆ సంవత్సరము బడ్డీ రిచ్ అను పూర్వపు జాజ్ విద్వాంసుని స్మృత్యర్థము పలువురిని పిలిచి ఒక రికార్డు చేయించుచుండగా, తాను ముందే యెఱిగిన స్టీవ్ స్మిత్ అనువాడు మునుపటికంటె ఎంతో మేలుగ వాయించుట చూచెను. ఏమి రహస్యమని అడిగెను. ఫ్రెడ్డీ గ్రూబర్ అను వృద్ధ గురువు పేరు వినవచ్చెను. పీర్ట్ వెంటనే పోయి ఆ వృద్ధుని యొద్ద శిష్యుడయ్యెను.

ఆ గురువు ఇతని వాయింపు విని మెచ్చుకొని పంపలేదు. దెబ్బకును దెబ్బకును నడుమ చేయి గాలిలో ఎట్లు కదలుచున్నదో చూడుమనెను. కఱ్ఱ పట్టు విధమును, కూర్చుండు విధమును, పాదము కదలు విధమును మొదటి నుండి దిద్దెను. ముప్పది యేండ్లుగ అలవడిన పట్టును విడిచి, ఎడమచేత కఱ్ఱను పాత జాజ్ పద్ధతిని పట్టుకొని, పీర్ట్ నెలల తరబడి దినదినమును బాలపాఠము సాధన చేసెను. వ్రాత చక్కగ వచ్చిన పెద్దవానిని పలక నిచ్చి ఓనమాలు దిద్దుమన్నట్లు! 1996 నాటి టెస్ట్ ఫర్ ఎకో అను రికార్డు ఈ సాధన పిమ్మట వచ్చినది. దానిని విన్న సామాన్యులకు పెద్ద భేదము కనబడకపోవచ్చును. ఆ రికార్డు వారి గొప్పవానిలో చేరదనియే నా తలంపు. అయినను ఒరుల చెవికి తెలియని లోపమును దిద్దుకొనుటకై పేరును ప్రక్కన బెట్టి బల్లమీద కూర్చున్నాడే, దానిని నేను అమ్మకముల లెక్కలకంటె గొప్పగ నెంచుచున్నాను. ఏబది దాటిన పిమ్మటను పీటర్ ఎర్స్‌కిన్ అను మఱియొక విద్వాంసుని యొద్ద మరల పాఠము చెప్పించుకొనెను.

1997 ఆగష్టులో పీర్ట్ ఒక్కగానొక్క కుమార్తె సెలీనా మోటారు ప్రమాదమున మరణించెను. పది మాసములు దాటినంతనే భార్య జాక్లీన్ క్యాన్సరు వ్యాధిచే గతించెను. తన్నిక మేళములో లేనివానిగ నెంచుకొనుడని స్నేహితులకు చెప్పి, మోటారు సైకిలెక్కి ఉత్తర అమెరికా ఖండమంతయు ఏబదియైదు వేల మైళ్లు తిరిగెను. లీ, లైఫ్సన్‌లు అతని చోట వేఱొకని పెట్టుకొనలేదు, రమ్మని తొందరపెట్టలేదు. ఆ యేండ్లలో రష్ అను మేళము ఉన్నదో లేదో వారికే తెలియదు. అతడు తిరిగి వచ్చి, మరల పెండ్లియాడి, 2001లో మేళముతో కూర్చున్నప్పుడు చేతులు తిరుగుటకే చాల కాలము పట్టెను. ఏడాదికి పైగా శ్రమించి 2002లో వేపర్ ట్రెయిల్స్ అను రికార్డు చేసిరి. అందు సింథసైజరు లేదు. పాపము, ఆ రికార్డును ముగించుటలో ధ్వనిని మితిమీఱి పెంచుటచే వాద్యములొకదానిలో నొకటి కలిసిపోయి గరగరమనెను. ఆ లోపమును ఒప్పుకొని 2013లో మరల కలిపి వెలువరించిరి. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన విన్నవారికి, బిగ్గఱదనమునకును బలమునకును గల భేదము తెలియును.

2012లో వచ్చిన క్లాక్‌వర్క్ ఏంజెల్స్ వారి పందొమ్మిదవ స్టూడియో రికార్డు. యౌవనమున విడిచిన దీర్ఘ కథను ఏబది దాటిన వయస్సున మరల చేపట్టిరి. ఈ పర్యాయము కథానాయకుడు ఏ పూజారులచేతను నలగగొట్టబడడు; తిరిగి తిరిగి, మోసపోయి, క్షమించి, చివరకు తోట పెంచుకొనును. 2112 వ్రాసిన చేయియే దీనిని వ్రాసెనా యని తోచును. నా మట్టుకు నాకు ఇదియే వారి పెద్దఱికపు రచన.

2015 పర్యటన నాటికి పీర్ట్‌కు భుజపు నొప్పి, పాదముల పుండ్లు, లైఫ్సన్‌కు కీళ్లవాతము. ఆ కచేరీలను వెనుకనుండి ముందునకు గాక, ముందునుండి వెనుకకు నడపిరి. క్రొత్త పాటలతో నారంభించి ఏటికేడు వెనుకకు పోవుచు, పనివారు రంగస్థలము మీది సామగ్రిని ఒక్కొక్కటిగ తీసివేయుచుండగా, తుదకు ఒక బడి వ్యాయామశాలలో కుర్చీపై పెట్టిన చిన్న ధ్వనిపెట్టె మాత్రము మిగులును. అప్పుడు తొలి రికార్డులోని ఆ కూలివాని పాట వాయింతురు. ఆగష్టు 1వ తేది లాస్ ఏంజెల్స్ సమీపమున జరిగినది కడపటి కచేరి. ఎన్నడును తన వాద్యముల వెనుక నుండి ముందునకు రాని పీర్ట్ ఆ రాత్రి వచ్చి స్నేహితులిరువురను కౌగిలించుకొనెను. 2020 జనవరి 7వ తేది మెదడులోని వ్రణముచేత తన 67వ యేట మృతినొందెను.

కథ అచ్చట ముగిసెనని పలువురనుకొనిరి. 2025 అక్టోబరులో లీ, లైఫ్సన్‌లు 2026లో మరల పర్యటింతుమని ప్రకటించిరి. డ్రమ్ములు వాయించుటకు ఆనికా నీలెస్ అను జర్మను వనితను ఎన్నుకొనిరి. పీర్ట్ భార్యయు కుమార్తెయు తమ సంతోషమును తెలిపిరి. అభిమానులలో కొందఱు మాత్రము పీర్ట్ లేని మేళమునకు ఆ పేరు తగదనిరి. వారి బాధ నాకు అర్థము గాకపోలేదు. ఒకని చోటు ఇరువురు స్నేహితులు ఏండ్ల తరబడి ఖాళీగ నుంచిరన్న గౌరవము చేతనే వారిట్లనుచున్నారు. అయినను నేను వారితో ఏకీభవింపను. ఈ ప్రకటనకు ముందు, ఇరువురు వృద్ధులు లీ యింటిలో కలిసికొని తమ పాత పాటలనే సాధన చేయుచుండిరి. తాము కట్టినవే తమకు మఱపునకు వచ్చి, చేతులు తడబడి, తమ పాటలను అనుకరించు నాసి మేళమువలె నున్నామని లైఫ్సన్ నవ్వుచు చెప్పుకొనెను. డెబ్బది యేండ్లు దాటినవారు తమ పాఠమును తామే మొదటి నుండి అప్పగించుకొనుచుండగా, నీలెస్ వేఱొక దేశమున కూర్చుండి నలువదేండ్ల పీర్ట్ వాయింపును దెబ్బ వెంబడి దెబ్బగ నేర్చుకొనవలసి వచ్చెను. ఆ యిరువది మాత్రలు ఆమెకును మొదటిసారియే పట్టుబడి యుండవు.